పచ్చను ఎర్రగా చూపే అద్దం

పచ్చకామెర్లవానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని నానుడి. పచ్చరాయినే ఎర్రగా చూపే అద్దమొకటి రత్నవర్తకుల జేబుల్లో దాదాపు తొంభై ఏళ్లుగా ఉంటున్నది. దాని పేరు చెల్సీ ఫిల్టరు. 1934లో లండన్‌లోని హాటన్ గార్డెన్ రత్నపరీక్షాశాలకు చెందిన ఆండర్సన్, పేన్ అనే శాస్త్రజ్ఞులు చెల్సీ పాలిటెక్నిక్ విద్యార్థుల సహకారంతో దానిని రూపొందించారు.

ముదురు ఎరుపు, కొద్దిగా పసుపు కలిసిన ఆకుపచ్చ: ఈ రెండు కాంతులను మాత్రమే ఆ ఫిల్టరు పోనిస్తుంది. మరకతానికి రంగునిచ్చే క్రోమియం ఆ పసుపుపచ్చ కాంతిని మింగివేసి ఎరుపును విడిచిపెడుతుంది. అందువల్ల ఫిల్టరులోనుంచి చూచినప్పుడు కొలంబియా మరకతం ఎర్రబారుతుంది. ఆకుపచ్చ గాజు సాధారణంగా పచ్చగానే ఉండిపోతుంది.

నకిలీ అంటే గాజేనన్న రోజులలో ఈ పరీక్ష చాలావరకు సరిపోయింది. తరువాత ప్రయోగశాలలో పెంచిన మరకతాలు వచ్చాయి. వాటిలో క్రోమియం ఉంటుంది, ఇనుము సాధారణంగా ఉండదు. కనుక అవి గనిలో పుట్టినవాటికన్నా మరింత ఎర్రగా వెలుగుతాయి! మరోవైపు, ఇనుము ఆ ఎరుపును అణచివేస్తుంది. రాజస్థాన్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ దొరికిన అసలైన మరకతాలు అనేకం ఈ ఫిల్టరు కింద పచ్చగానే నిలుస్తాయి. “ఎర్రబడితే అసలు, లేకుంటే గాజు” అనే అంగడి తీర్పును నమ్మి అమ్మమ్మనాటి ఉంగరాన్ని తెగనమ్మిన కుటుంబం గని రాయిని గాజు ధరకు వదులుకున్నట్లే కావచ్చు.

దీపం విషయంలోనూ జాగ్రత్త అవసరం. రాయిని పాతకాలపు తంతి బల్బుకు చేరువగా ఉంచి, ఫిల్టరును కంటికి ఆనించుకొని చూడాలి. ట్యూబులైటులోనూ, అనేక ఎల్.ఇ.డి. దీపాలలోనూ ముదురు ఎరుపు చాలదు. మంచి రాయి కూడా మొహం చాటేస్తుంది. వెనుక రంగు రేకు వేసి మూసి పొదిగిన నగలయితే రేకు రంగు కూడా కలిసి కన్ను మోసపోతుంది.

ఇంతకూ ఈ పనిముట్టు నిరుపయోగం కాదు. ఆక్వామెరీన్ అని చెప్పి అంటగట్టే, కోబాల్టుతో రంగు వేసిన కృత్రిమ స్పినెల్‌ను ఇది ఎర్రబరచి పట్టి ఇస్తుంది. అసలు ఆక్వామెరీన్ పచ్చగా కనిపిస్తుంది. మరకతం విషయంలో మాత్రం వక్రీభవన గుణకం కొలిచి, సూక్ష్మదర్శినిలో రాతి లోపలి పొరలనూ మచ్చలనూ చూచిన పిమ్మటనే ధర మాట్లాడాలి. పై ముఖం నునుపుగా, అందుబాటులో ఉంటే ఈ పరీక్షలకు రాయిని నగనుంచి ఊడదీయవలసిన పని చాలాసార్లు ఉండదు.