అటక లేని ఇల్లు మాకెందుకు?

అరకు లోయలో ఇప్పుడు కొత్త ఇల్లంటే స్లాబే. పీఎం జన్‌మన్ పథకం కింద ఆదిమ తెగల కుటుంబానికి ఇంటికి 2 లక్షల రూపాయల సాయం. ఇల్లు రావడం మంచిదే, కాదనను. కానీ చోళ్లు ఎక్కడ పోసుకోవాలి? నేను చూసిన ఏ కొత్త ఇంట్లోనూ అటక లేదు.

మా అమ్మ ఇంట్లో అటక పొయ్యి మీదే ఉండేది. దూలాల మీద వెదురు తడిక పరిచి, పైన మట్టి మెత్తి, పేడతో అలికేవారు. రోజూ పొగ తగిలి వెదురు నల్లగా నిగనిగలాడేది, పురుగు దరిచేరేది కాదు. విత్తనానికి ఉంచిన మొక్కజొన్న పొత్తులు దూలానికే వేలాడేవి. స్లాబు ఇంట్లో బస్తాలు నేల మీదే. వానాకాలం చెమ్మ ముందు వాటికే ఎక్కుతుంది.

25 చదరపు మీటర్ల ఇంటికి నాలుగంగుళాల స్లాబు వేస్తే బరువు ఆరు టన్నులు దాటుతుంది. సిమెంటే ఇరవై బస్తాల దాకా కావాలి. లారీ వచ్చే ఊరికి సరే. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే గూడేనికి ఆ ఇసుక, పిక్క మోసేదెవరు? స్లాబు తడపడానికి గెడ్డ నుంచి నీళ్లు తెచ్చేది మాత్రం ఆడవాళ్లమే.

అటక దూలాలకు కావాల్సిన కర్రకీ చిక్కులున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును చేర్చింది, కలపను చేర్చలేదు. ఇక మిగిలింది కాఫీ తోటలోని సిల్వర్ ఓక్. మిరియాల తీగ పాకిన చెట్టు మీద గొడ్డలి పడనిస్తామా! తీగ లేనిది చూసి, అనుమతి సంగతి కనుక్కుని కొట్టాలి. ఆ కర్రకు చెద తొందరగా పడుతుంది. బోరిక్ యాసిడ్, బొరాక్స్ కలిపిన నీళ్లు బాగా పట్టించి ఆరబెట్టాలి.

దూలం పెట్టే తీరులోనే బలమంతా ఉంది. మూడంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పున్న దూలాన్ని ఆరంగుళాల వైపు నిలువుగా ఉండేలా పెడితే పడుకోబెట్టినదానికి రెండింతల బరువు మోస్తుంది, వంగేది నాలుగో వంతే. ఇంటి గదికి ఇంజనీర్లు చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. బస్తాలు రెండు వరుసలు పేరిస్తే ఆ లెక్క దాటిపోవచ్చు. అందుకే అటకకు దూలాలు దగ్గర దగ్గరగా వేసుకోవాలి.

పైన స్లాబే ఉండాలంటే ఉండనీయండి. వంటగది గోడ రెండడుగులు పెంచి, దూలాలకు గూళ్లు వదలండి చాలు. ఇది పునాది తవ్వకముందే ఇంజనీరు గీసిన ప్లానులో ఉండాలి. గోడ లేచాక బెజ్జాలు కొట్టమంటే ఏ మేస్త్రీ ఒప్పుకోడు.