ఆలు లేదు, చూలు లేదు... డొమైన్ పేరు మాత్రం రెడీ!

"బ్రో, పేరులో వీఆర్ అని ఉన్న డొమైన్లు ఇప్పుడు వెయ్యి రూపాయలకు దొరుకుతున్నాయట. ఐదేళ్లు దాచుకుంటే లక్షలు పలుకుతాయట. నిజమేనా?"

ఈ మధ్య నాకు తరచూ వస్తున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు. చేతిలో కొంచెం సేవింగ్స్ ఉంటాయి. ప్లాట్ కొనేంత డబ్బు ఉండదు, షేర్లంటే భయం. ఫోన్లో నాలుగుసార్లు నొక్కితే మన పేరు మీదకు వచ్చే డొమైన్ వాళ్లకు చవకైన రియల్ ఎస్టేట్‌లా కనిపిస్తోంది.

ఈ వారం దీని సంగతే మాట్లాడుకుందాం. వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఇంకో లోకంలో ఉన్నట్టు అనిపించే టెక్నాలజీ. అది నిలబడుతుందా లేదా అన్నది వేరే చర్చ. నిలబడినా సరే, మీరు కొన్న పేరుకు డబ్బులు వస్తాయా? మన ప్రశ్న ఇది. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది.

ఇది పట్టా కాదు, లీజు

డొమైన్‌ని "ఆన్‌లైన్ ప్లాట్" అని చెప్పి అమ్ముతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ప్లాట్ కొంటే రిజిస్ట్రేషన్ ఒక్కసారే, ఆ తర్వాత అది మనది. డొమైన్‌కి అలా కాదు. ఏడాదికి ఇంత అని కట్టి, వాడుకునే హక్కు తీసుకుంటాం. డాట్ కామ్ పేరును ఎవరైనా ఒకేసారి 10 ఏళ్లకు మించి తీసుకోలేరు. కట్టడం ఆపేస్తే కొన్ని వారాల గ్రేస్ పీరియడ్ ఇస్తారు. తర్వాత 30 రోజులు రిడెంప్షన్ గడువు. అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ఫీజుకు చాలా రెట్లు కట్టాలి. అదీ దాటితే మరో 5 రోజుల్లో పేరు మళ్లీ ఎవరైనా తీసుకునేలా ఖాళీ అయిపోతుంది.

పోనీ, అద్దె మన చేతిలో ఉంటుందా అంటే అదీ లేదు. డాట్ కామ్ పేర్ల రిజిస్ట్రీని నడిపేది వెరిసైన్ అనే అమెరికన్ కంపెనీ. అది రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునే టోకు ధర 2024 సెప్టెంబర్‌లో 9.59 డాలర్ల నుంచి 10.26 డాలర్లకు పెరిగింది. దాని మీద రిజిస్ట్రార్ లాభం, పన్నులు కలిపి మనం కడతాం. కాబట్టి మొదటి ఏడాది ఆఫర్ చూసి మురిసిపోకండి. పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే రెన్యూవల్ ధరే అసలు ధర. కొత్త ఎక్స్‌టెన్షన్లలో కొన్ని పేర్లకు "ప్రీమియం" అని పెట్టి, ప్రతి ఏడాదీ ఎక్కువే వసూలు చేసే రిజిస్ట్రీలూ ఉన్నాయి.

ఆశ ఎక్కడ పుట్టింది?

ఊరికే పుట్టలేదు. 2014 మార్చిలో ఫేస్‌బుక్ ఓకులస్ అనే హెడ్‌సెట్ కంపెనీని సుమారు 200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2021 అక్టోబర్ 28న ఫేస్‌బుక్ కంపెనీ తన పేరే మెటా అని మార్చుకుంది. ఆ తర్వాత సుమారు నెల రోజులకే శాండ్‌బాక్స్ అనే వర్చువల్ లోకంలో "భూమి" 43 లక్షల డాలర్లకు అమ్ముడైందని వార్త. కళ్లు తిరగవా మరి!

డొమైన్లలోనూ అలాంటి కథలున్నాయి. 2019లో వాయిస్ డాట్ కామ్ అనే పేరు 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అమ్మింది మైక్రోస్ట్రాటజీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇది నిజం. కానీ అమ్ముడైన పేరు ఏంటో చూడండి. ఇంగ్లీషు వచ్చిన ప్రతివాడికీ తెలిసిన ఒక్క మాట, దాని వెనక డాట్ కామ్. మొదటి డాట్ కామ్ పేరు రిజిస్టర్ అయింది 1985లో. అప్పటినుంచీ జనం ఏరుకుంటూనే ఉన్నారు. అలాంటి ఒంటి మాటలు ఎప్పుడో అయిపోయాయి.

ఈరోజు మనకు మామూలు ధరకు దొరికేది "బెస్ట్ వీఆర్ టూర్స్ హబ్" లాంటి పేరు. అది ఎందుకు దొరికింది? ఈ నిమిషం దాకా ప్రపంచంలో ఎవరికీ అది వెయ్యి రూపాయలకు కూడా అక్కర్లేదు కాబట్టి. ఖాళీగా ఉందని తెలిసిన వెంటనే "అదృష్టం" అనుకుంటాం. కాస్త ఆగి "ఎందుకు ఖాళీగా ఉంది?" అనుకోవాలి.

టెక్నాలజీ ఉంటుంది, మాట పోతుంది

డొమైన్ కొనేవాడు టెక్నాలజీ మీద డబ్బు పెట్టడం లేదు. జనం దాన్ని ఏ మాటతో పిలుస్తారో ఆ మాట మీద పెడుతున్నాడు. ఈ రంగంలో ఆ మాట ఒకచోట నిలవదు.

వర్చువల్ రియాలిటీ అన్న మాటకు 1980ల్లో ప్రాచుర్యం తెచ్చినవాడు జారన్ లానియర్. 1995లో నింటెండో వర్చువల్ బాయ్ అనే గేమ్ మెషీన్ తెచ్చి, ఏడాది తిరక్కుండానే ఆపేసింది. 2016లో గూగుల్ డేడ్రీమ్ అని వచ్చింది, 2019లో మానేసింది. 2021లో అందరి నోటా మెటావర్స్. అది 1992 నాటి ఒక నవలలో పుట్టిన మాట. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ తన ఆల్ట్‌స్పేస్ వీఆర్‌ను మూసేసింది. అదే ఏడాది మెటా తన క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌ను "మిక్స్‌డ్ రియాలిటీ" అంటూ అమ్మింది.

ఇక యాపిల్ సంగతి వినండి. 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్ల ధరతో విజన్ ప్రో హెడ్‌సెట్ అమ్మకానికి పెట్టింది. దాన్ని "స్పేషియల్ కంప్యూటింగ్" అంది. అక్కడితో ఆగలేదు. యాప్‌లు చేసే డెవలపర్లకు కూడా మీ యాప్‌ని వీఆర్ అనొద్దు, ఏఆర్ అనొద్దు, ఎక్స్ఆర్, ఎంఆర్ అని కూడా అనొద్దు అని చెప్పింది. అంత పెద్ద కంపెనీ ఆ రంగంలోకి వచ్చిన రోజే, పేరులో వీఆర్ పెట్టుకుని కూర్చున్నవాళ్ల గాలి తీసేసింది!

ఓకులస్‌నే తీసుకోండి. 200 కోట్ల డాలర్లు పెట్టి కొన్న ఆ పేరును కూడా 2022లో పక్కన పెట్టి, మెటా క్వెస్ట్ అని పిలవడం మొదలుపెట్టారు. హెడ్‌సెట్ ఉంది, పేరు పోయింది. వాళ్లకేం పర్వాలేదు. హెడ్‌సెట్లు చూసే మెటా విభాగం 2024 ఒక్క ఏడాదిలో సుమారు 1,770 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపించినా కంపెనీ నడుస్తూనే ఉంది. ఆ ఓపిక మన జీతాలకు ఉండదు కదా.

"డాట్ ఏఐ పేర్లు తీసుకున్నవాళ్లు బాగుపడ్డారుగా, డాట్ వీఆర్ తీసుకుంటే?" అని కొందరి డౌట్. అసలు డాట్ వీఆర్ అనేది లేదు. రెండక్షరాల ఎక్స్‌టెన్షన్లు దేశాలకు, భూభాగాలకు కేటాయించినవి. డాట్ ఏఐ అంటే కరీబియన్‌లోని అంగ్విల్లా అనే చిన్న దీవి. ఏఐ గాలి వీచాక కచ్చితంగా లాభపడింది కూడా ఆ దీవే. 2023లో అక్కడి ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైగా ఈ పేర్ల ఫీజుల నుంచే వచ్చింది. పేర్లు కొన్నవాళ్లలో కొందరికి వచ్చింది, కొందరికి రాలేదు. అద్దె వసూలు చేసేవాడికి మాత్రం అందరి దగ్గరా వచ్చింది. ఎవరైనా మీకు "డాట్ వీఆర్" అమ్ముతామంటే, అది ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ జాబితాలో లేని పేరు. మామూలుగా మన బ్రౌజర్లో తెరుచుకోదు.

కాగితం మీద లెక్క

మా ఇంజినీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు 2021 నవంబర్‌లో, మెటా హడావుడిలో, 40 పేర్లు కొన్నాడు. దాదాపు సగం వీఆర్, సగం మెటావర్స్. పేరుకు ఏడాదికి 1,200 రూపాయలు వేసుకుంటే 48,000. నాలుగేళ్లకు 1,92,000.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. బాగా ఏరుకున్న వంద పేర్లలో ఏడాదికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. ఆ లెక్కన 40 పేర్లున్నవాడికి ఏడాది మూడు నెలల నుంచి రెండున్నరేళ్లలో ఒక పేరు పోతుంది. అంటే అమ్ముడైన ఆ ఒక్క పేరే 60,000 నుంచి 1,20,000 రూపాయలు తెస్తే రెన్యూవల్ ఖర్చు వెనక్కి వస్తుంది. మార్కెట్‌ప్లేస్ కమిషన్ 20 శాతం అనుకుంటే 75,000 నుంచి లక్షన్నర పలకాలి. లాభం సంగతి ఇంకా మొదలే కాలేదు. ఇదంతా పేర్లు మంచివైతే.

మనవాడికి నాలుగేళ్లలో వచ్చిన ఆఫర్లు రెండు. ఒకటి 50 డాలర్లు. రెండోది 18,000 డాలర్లు! కాకపోతే చిన్న షరతు. "మా ఇన్వెస్టర్‌కి అప్రైజల్ సర్టిఫికెట్ కావాలి, ఫలానా సైట్‌లో ఫీజు కట్టి చేయించండి, ఆ డబ్బు కూడా మేమే ఇచ్చేస్తాం" అని మెయిల్. ఇది చాలా పాత మోసం. కొనేవాడూ వాడే, సర్టిఫికెట్ ఇచ్చే సైటూ వాడిదే. ఫీజు చేతిలో పడగానే ఇద్దరూ మాయం. కట్టేముందు మా గ్రూప్‌లో అడిగాడు కాబట్టి బయటపడ్డాడు. నిజంగా కొనేవాడు మీచేత ముందు డబ్బు కట్టించడు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చాలు.

పక్కోడి బ్రాండ్ జోలికి వెళ్లొద్దు

"క్వెస్ట్" అనో "ఓకులస్" అనో కలిపి ఒక పేరు తీసుకుంటే కంపెనీయే వచ్చి కొనుక్కుంటుందని కొందరి ఐడియా. కంపెనీ రాదు, లాయర్ నోటీసు వస్తుంది. డాట్ కామ్ గొడవలకు 1999 నుంచి యూడీఆర్పీ అనే పద్ధతి ఉంది. మీ పేరు వాళ్ల ట్రేడ్‌మార్క్‌ని పోలి ఉందా, మీకు దాని మీద న్యాయమైన హక్కు ఉందా, దురుద్దేశంతో తీసుకుని వాడారా అని చూస్తారు. ఓడిపోతే పేరు పోతుంది, మీకు రూపాయి రాదు. డాట్ ఇన్ పేర్లకూ ఇలాంటి పద్ధతే వేరుగా ఉంది.

మన దేశంలో ఈ విషయం ఎప్పుడో తేలింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ గ్రూప్‌లోని సత్యం ఇన్ఫోవే "సిఫీ" పేరుతో డొమైన్లు నడిపేది. దాదాపు అలాగే వినిపించే పేర్లు ఇంకో సంస్థ తీసుకుంది. కేసు బెంగళూరు సివిల్ కోర్టు నుంచి కర్ణాటక హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2004లో సత్యం ఇన్ఫోవే గెలిచింది. డొమైన్ ఉత్త అడ్రస్ కాదు, వ్యాపారానికి గుర్తింపు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్క్‌కి ఉండే రక్షణ దీనికీ ఉంటుందని కోర్టు చెప్పింది.

మరి ఏం చేద్దాం?

ముందు మీ సొంత పేరు మీద, లేదా ఇంట్లో నడిచే షాపు, టిఫిన్ సెంటర్, ట్యూషన్ పేరు మీద ఒక డొమైన్ తీసుకోండి. దానికి వాడకం ఉంది, అమ్ముడవ్వాల్సిన పని లేదు.

అయినా వీఆర్ పేరు కొనాలని ఉందా? కొనండి, కానీ రెండో మూడో చాలు. కొనేముందు ఆ పేరు ఎవరికి కావాలో పది కంపెనీల పేర్లు కాగితం మీద రాయండి. రాయలేకపోతే వదిలేయండి. ట్రేడ్‌మార్క్ ఉందేమో మన ప్రభుత్వ ఐపీ ఇండియా సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. రెండేళ్లలో ఒక్క సరైన ఎంక్వైరీ కూడా రాకపోతే ఆపేస్తానని ముందే తేదీ వేసుకోండి. అమ్మేటప్పుడు ఎస్క్రో ద్వారానే అమ్మండి. డబ్బు ఎస్క్రోలో పడేదాకా ట్రాన్స్‌ఫర్ కోడ్ ఎవరికీ ఇవ్వొద్దు.

వీఆర్ మీద నిజంగా నమ్మకం ఉంటే ఇంకో దారి ఉంది. యూనిటీ, అన్‌రియల్ ఇంజిన్ రెండూ నేర్చుకోవడానికి ఉచితమే. రేపు ఆ రంగాన్ని స్పేషియల్ అన్నా, ఇంకేదో అన్నా మీ పని పనికొస్తుంది. ఓకులస్ అంటే లాటిన్‌లో కన్ను. ఆ మాట కోసం ఫేస్‌బుక్ అంత డబ్బు ఇవ్వలేదు, దాని వెనక తయారైన హెడ్‌సెట్ కోసం, ఆ టీమ్ కోసం ఇచ్చింది.

ఇప్పటికే పేర్లు కొని ఉన్నవాళ్లు ఆటో రెన్యూవల్ ఆఫ్ చేసి లిస్టు ముందు పెట్టుకోండి. ఒక్కో పేరుకీ ఒక్కటే ప్రశ్న: ఇది ఇవాళ ఖాళీగా ఉంటే నేను మళ్లీ కొంటానా? ఇంతవరకు ఎంత కట్టామన్నది అందులో కలపొద్దు, ఆ డబ్బు ఎలాగూ రాదు. మా బ్యాచ్‌మేట్ ఈ ప్రశ్న వేసుకున్నాక 40లో రెండు మిగిలాయి. వాటిలో ఒకటి వాళ్ల నాన్నగారి ఎలక్ట్రికల్ షాపు పేరు.