సెర్చ్ ఉంటే పేరెందుకట!

"ఈ రోజుల్లో ఫైలుకి పేరెందుకండీ, సెర్చ్‌లో కొడితే వచ్చేస్తుంది కదా" అన్నాడు మొన్న ఒక కుర్ర డిజైనరు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నాకు మండింది ఆ తలలూపడానికే.

ఏం కొడతారు? ఏం వస్తుంది? 'అను' అనే పాతరకం తెలుగు ఫాంట్లలో కూర్చిన పేజీలో ఏదైనా మాటని యూనికోడ్ తెలుగులో టైపు చేసి వెతకండి. దొరకదు. ఆ ఫైల్లో తెలుగు సంకేతాలే లేవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు, అంతే. యూనికోడ్‌లోకి తెలుగు 1991లోనే వచ్చింది. మన అచ్చు రంగం మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో ఈ ఫాంట్లనే నమ్ముకుంది. అన్నేళ్ల కథలు, వ్యాసాలు, పుస్తకాలు మీ సెర్చ్‌కి కనబడవు. స్కాన్ చేసిన దస్తావేజులు, పాసుపుస్తకాలు మరీ అన్యాయం, అవి ఉత్త బొమ్మలు. బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ ఉందంటారా? పాత చేతిరాత దస్తావేజు మీద నడిపి చూసి అప్పుడు మాట్లాడండి. వీటన్నిటికీ మిగిలిన ఆనవాలు ఫైలు పేరొక్కటే. దాన్నీ వద్దంటున్నారు!

పెట్టేవాళ్లయినా ఏం పెడుతున్నారు? ఫైనల్. ఫైనల్ 2. న్యూ ఫైనల్. లేటెస్ట్ ఫైనల్ కరెక్టెడ్. వీటిలో ప్రూఫు దిద్దింది ఏదో పెట్టినవాడికే తెలియదు. దిద్దని కాపీ ప్రెస్సుకి వెళ్లిపోతుంది. అచ్చుతప్పులకి జవాబు చెప్పుకోవాల్సింది పాపం రచయిత. ఫైలుకి పేరు పెట్టినవాణ్ని ఎవరూ అడగరు. ఇది బద్ధకం కాదు, ఒకరి కష్టం మీద చిన్నచూపు.

చోటు చాలదనే సాకు కూడా లేదు. డాస్ కాలంలో పేరుకి ఎనిమిది అక్షరాలు, చివర మూడు, అంతే. విండోస్ 95తో ఆ బాధ తీరింది. ఇప్పుడు 255 దాకా రాసుకోవచ్చు, తెలుగులోనే రాసుకోవచ్చు.

మరి ఏ పద్ధతి అంటే, ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు: 2024-03-09. ఐఎస్ఓ 8601 ప్రమాణం 1988 నుంచీ చెబుతున్నది ఇదే. రోజుతో మొదలుపెడితే 2019 మార్చి ఒకటో తారీఖు ఫైలు పక్కకి 2024 జూన్ ఒకటిది వచ్చి చేరుతుంది. తేదీ తర్వాత విషయం, మనిషి పేరు. మిగతాది ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చుని తేల్చుకోవాలి, తేల్చుకున్నాక దానికి కట్టుబడాలి.

మన తర్వాత ఆ ఫైలుని ఇంకొకరు తెరుస్తారు. వాళ్లకోసం అర నిమిషం ఆగి పేరు పెట్టలేనివాళ్లు సెర్చ్ గొప్పతనం గురించి నాకు పాఠాలు చెప్పొద్దు.