షూటింగ్ పోటీల వాణిజ్య ప్రదర్శనల క్షీణత

షూటింగ్ పోటీల మైదానంలో తుపాకులు, ఉపకరణాలు ప్రదర్శించి అమ్మే సంతలను వాణిజ్య ప్రదర్శనలు అంటారు.

'''బ్రిటన్''': 1958లో మొదలైన గేమ్ ఫెయిర్ వీటిలో ప్రసిద్ధమైనది. మట్టి పళ్ళేలను గురిచూసి కొట్టే పోటీలు ఇందులో భాగం. నష్టాల కారణంగా భూస్వాముల సంఘం 2015 తరువాత దీని నిర్వహణ మానుకొన్నది. 2016లో వేరే నిర్వాహకులు పునరుద్ధరించారు.

'''భారతదేశం''': 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల క్రయవిక్రయాలకు లైసెన్సు తప్పనిసరి. కనుక మైదానంలో అంగడి తెరచి అందరికీ అమ్మడం కుదరదు. అయితే 2016 నియమావళి .177 అంగుళాలు, 20 జౌళ్ళు మించని ఎయిర్‌గన్‌లకు మినహాయింపునిచ్చింది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో వాడేది ఈ తరగతి తుపాకినే.

'''ప్రభావం''': తుపాకి బరువు, పట్టు చేతితో చూసి తెలుసుకోవలసినవి. ప్రదర్శనలు తగ్గితే ఆ అవకాశం నగరాల దుకాణాలకే పరిమితమవుతుంది. నడిగూడెం వంటి గ్రామాల విద్యార్థులకు అది దూరమే.