అతకని బోల్టు.. అందని మరమ్మతు

లైసెన్సు ఉంది. రైఫిల్ ఉంది. పెట్టెలో తూటాలూ ఉన్నాయి. బోల్టు మాత్రం మూతపడదు. అడవి అంచు పల్లెల్లో పంట కాపలాకని, ఆత్మరక్షణకని తండ్రుల కాలం నుంచి లైసెన్సు తుపాకులు ఉంచుకున్న కుటుంబాలకు ఇది కొత్త ఇక్కట్టు కాదు. కొత్తగా వచ్చి చేరినవి రెండు. ఒకటి, అనుమతి లేని చేతితో మరమ్మతు చేయిస్తే పడే శిక్ష 2019 నుంచి ఎన్నో రెట్లు పెరగడం. రెండోది, తుపాకీ భాగాన్ని ఇంట్లోనే ఎలా సరిచేసుకోవాలో చూపే విదేశీ వీడియోలు ప్రతి సెల్‌ఫోన్‌లోనూ అందుబాటులోకి రావడం. చట్టం ఒకవైపు, అరచేతిలోని పాఠం మరొకవైపు లాగుతుండగా, లైసెన్సుదారు నడుమ చిక్కుకుంటున్నాడు.

నల్లమల చుట్టుపక్కల గ్రామాలలో గానీ, ఆదిలాబాద్ అడవుల సరిహద్దు మండలాలలో గానీ ఇళ్లలో కనిపించే లైసెన్సు ఆయుధాలు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది 12 బోరు తుపాకీ. రెండోది పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారైన పాయింట్ 315 రైఫిల్. సైన్యం వాడే తూటా పౌరుల చేతిలో ఉండరాదన్న బ్రిటిష్ కాలపు నియమం వల్ల, నాటి సైనిక తుపాకీ అయిన లీ ఎన్‌ఫీల్డ్ అమరికనే తీసుకొని, వేరే కొలత తూటాకు తగినట్లు దీనిని రూపొందించారు. ఆ అమరిక వయసు నూరేళ్లు దాటింది. గట్టిదే, నమ్మదగినదే. అయితే ఆ నమ్మకానికి ఒక షరతు ఉంది. దాని ముఖ్య భాగాలను కర్మాగారంలో ఏ తుపాకీకి ఆ తుపాకీగా సరిచూసి బిగిస్తారు. బోల్టు పిడి మీద, నాళం కుదురు మీద ఒకే సంఖ్య చెక్కి ఉండటానికి కారణం అదే. ఒక రైఫిల్ బోల్టును మరో రైఫిల్‌లో పెడితే చాలాసార్లు చక్కగానే దూరుతుంది, తిరుగుతుంది, మూసుకుంటుంది. అపాయమంతా అక్కడే దాగి ఉంది.

బిగువు ఎక్కడ, వదులు ఎక్కడ?

ఇళ్లలో వాడే రైఫిళ్లలో భాగం సరిగా అతకకపోవడానికి కారణాలు అన్నీ ఒక్క స్థాయివి కావు. కొన్ని తుడిస్తే పోయేవి. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న తుపాకీకి రాసిన నూనె ఎండి, జిగురులా గట్టిపడి బోల్టు దారిని అడ్డగిస్తుంది. కొబ్బరినూనె, వంటనూనె రాసే అలవాటు పల్లెల్లో ఉన్నందువల్ల ఈ బెడద మరింత ఎక్కువ. తుపాకీలో తూటా లేదని రెండుసార్లు సరిచూసుకొని, బోల్టును బయటకు తీసి, పాత నూనెను తుడిచి, తగిన నూనె పలుచగా రాస్తే సగం ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయి. ఇది శుభ్రత. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రెండో కారణం కొయ్య. ఇనుమును అనుమానించే రైతు కొయ్యను అనుమానించడు. వానాకాలంలో తేమ పీల్చి కొయ్య ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుపోతుంది. ఉబ్బినప్పుడు నాళాన్ని ఒకవైపు నెట్టి గురి తప్పిస్తుంది. కుంచించుకుపోయినప్పుడు ఇనుప భాగమంతా కొయ్యలో కదలాడుతుంది. పాత లీ ఎన్‌ఫీల్డ్ నమూనాలో మరో విచిత్రం ఉంది. మీట అమరి ఉండేది బోల్టు ఉండే ఇనుప కుదురుకు కాదు, కింద కొయ్యను పట్టి ఉంచే మీట కాపుకు. అందువల్ల కొయ్య కొద్దిగా మారినా మీట బరువు మారుతుంది. నిన్న గట్టిగా నొక్కితేగాని పేలని తుపాకీ, ఈ వేసవిలో వేలు తాకగానే పేలవచ్చు. దీన్ని 'మీట చెడిపోయింది' అనుకొని మీటను అరగదీయబోవడం, కాలు నొప్పికి చేతికి కట్టు కట్టడం వంటిది. అడుగు మరను బిగించీ బిగించీ కొయ్యను నలగ్గొట్టిన తుపాకులైతే లెక్కకు మిక్కిలి.

తూటాల పెట్టె విషయం కొంత తేలిక. అంచులు వంగినా, దానిని పట్టి ఉంచే కొక్కెం అరిగినా తూటా అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. నష్టం ఉన్నా ప్రాణాపాయం తక్కువ. 12 బోరు తుపాకీల్లో మరో రకం అరుగుదల కనిపిస్తుంది. మడిచే కీలు వద్ద నాళం వదులై, మూసి పట్టుకొని ఊపితే కటకటమంటుంది. అటువంటి దానిని గోడకు తగిలించి ఉంచడమే మేలు, పేల్చరాదు.

ఇక అసలైన అపాయం బోల్టుకు, నాళానికి మధ్య ఉండే సందులో ఉంది. తూటా వెనుక అంచు ఆనే చోటు నుంచి బోల్టు ముఖం వరకు ఉండే ఆ సందు వెంట్రుక వాసి పెరిగినా, పేలినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగుతుంది. మళ్లీ మళ్లీ సాగితే ఒకనాడు తెగుతుంది. తెగిన చోటు నుంచి మండే వాయువు వెనక్కి, అంటే గురి చూసేవాని కంటివైపు దూసుకొస్తుంది. ఈ సందును కంటితో చూసి చెప్పలేరు. దానికి ప్రత్యేకమైన కొలత దిమ్మెలు ఉండాలి. అవి లైసెన్సు పొందిన తుపాకీ మరమ్మతుదారుల వద్ద, పోలీసు ఆయుధ విభాగాల వద్ద ఉంటాయే తప్ప గ్రామంలో దొరకవు. లైసెన్సుదారు చూడగలిగినవి మాత్రం రెండున్నాయి. పేలిన తూటా తొడుగు అడుగుకు కాస్త పైన మెరిసే వలయం ఏర్పడిందా, వెనుక ఉండే టోపీ బయటకు పొడుచుకొచ్చిందా అన్నవి. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ రైఫిల్‌తో మరో తూటా పేల్చరాదు.

బోల్టు గట్టిగా ఉందని ఆకురాయితో నాలుగు సార్లు రుద్దితే సరిపోతుందన్న నమ్మకం ప్రబలంగా ఉంది. ఉక్కు భాగానికి గట్టిదనం పైపొరలోనే ఉండేలా కాల్చి పదును పెడతారు. ఆ పొర ఎంతో పలుచన. ఆకురాయి దానిని తీసేస్తే మిగిలేది మెత్తని లోహం. తొలి నెల బోల్టు నునుపుగా తిరుగుతుంది. ఆనక ఒత్తిడికి అరిగి, పైన చెప్పిన సందు పెరుగుతూ పోతుంది. బిగువును వదిలించబోయి ప్రమాదకరమైన వదులును కొని తెచ్చుకోవడమన్నమాట.

కమ్మరి కొలిమికీ కారాగారానికీ మధ్య

నాగలి కర్రు సాగదీసే కమ్మరికి తుపాకీ బోల్టు అప్పగించడం ఒకప్పుడు పల్లెల్లో మామూలు. 1959 ఆయుధ చట్టంలోని 5వ సెక్షన్ నాడే దీనిని నిషేధించింది. తయారీ, అమ్మకాలతో సమానంగా మరమ్మతును కూడా లైసెన్సు అవసరమైన పనుల జాబితాలో చేర్చింది. 25వ సెక్షన్ కింద దీనికి శిక్ష 2019కి ముందు మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు ఉండేది. 2019 డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో అది కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అయింది. దొంగ తుపాకుల కార్ఖానాలను దృష్టిలో ఉంచుకొని తెచ్చిన సవరణ అది. కానీ సెక్షన్‌లోని అక్షరం కార్ఖానాను, కమ్మరి కొలిమిని వేరు చేసి చూడదు. పొరుగువాని తుపాకీకి పిన్ను సరిచేసిన వృద్ధ కమ్మరి కూడా ఆ అక్షరం కిందకే వస్తాడు.

భాగాల విషయంలో చట్టం మరింత నిశితం. తుపాకీ నిర్వచనంలోనే దాని భాగాలను కూడా చేర్చింది. ఎవరి వద్దనో దొరికిందని పాత బోల్టును కొని తెచ్చుకుంటే, అది ఇనుప ముక్క కాదు, లైసెన్సులో లేని ఆయుధం. 45వ సెక్షన్‌లో చిల్లర భాగాలకు మినహాయింపు ఉన్నా, ఇతర భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడే అది వర్తిస్తుంది. రైఫిల్‌కు అతికించడానికే తెచ్చిన బోల్టుకు ఆ నీడ దొరకదు.

వీడియోలలో కనిపించే లోకం వేరు. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో రైఫిల్ తయారు చేసుకోవడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధించదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టాయి. అక్కడ విడిభాగాలు కొని, వంటింటి బల్ల మీద అమర్చుకొని, అతకని దానిని ఎలా అతికించారో చూపడం ఒక వ్యాపకం. అక్కడ కూడా ఈ స్వేచ్ఛ కుంచించుకుపోతోంది. సగం చెక్కిన భాగాలను పెట్టెలో పెట్టి సంఖ్య లేకుండా అమ్మడం పెచ్చుమీరడంతో 2022లో కేంద్ర సంస్థ నిబంధన తెచ్చింది. సులభంగా తుపాకీగా మార్చగలిగే పెట్టెలను తుపాకులుగానే పరిగణించవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2025 మార్చిలో 7-2 మెజారిటీతో సమర్థించింది. భాగం పూర్తిగా అతికిందా, ఇంకా ఎంత చెక్కాలి అన్న కర్మాగారపు ప్రశ్న న్యాయస్థానపు ప్రశ్నగా మారడం విశేషం. ఆ వీడియోలు చూసి ఇక్కడి యువకుడు ఆకురాయి పట్టుకుంటే, అక్కడ వ్యాపకమైన పని ఇక్కడ కనీసం ఏడేళ్ల శిక్ష పడే నేరమవుతుందన్న సంగతి ఏ వీడియో చెప్పదు.

పోనీ, చట్టబద్ధమైన దారి ఉందా? ఉంది, దూరంగా ఉంది. మరమ్మతుకు అనుమతి పొందిన దుకాణాలు ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితం. కొత్త లైసెన్సులు అరుదై, పాత పనివారి పిల్లలు ఈ వృత్తిలోకి రాక, ఉన్నవీ తగ్గుతున్నాయి. అడవి అంచు నుంచి తుపాకీ పట్టుకొని నగరానికి ప్రయాణమంటే వృద్ధ లైసెన్సుదారుకు రెండు రోజుల పని, పది మంది అనుమానపు చూపులు. ఈ ఇబ్బందిని చట్టం కొంతమేర ముందే ఊహించింది. లైసెన్సుదారు సమక్షంలో గానీ, అతని లిఖితపూర్వక అధికారంతో గానీ, మరో వ్యక్తి మరమ్మతు నిమిత్తం తుపాకీని తీసుకెళ్లవచ్చని 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఈ వెసులుబాటు ఉన్నదని తెలిసిన లైసెన్సుదారులు తక్కువ. తెలిసిన కానిస్టేబుళ్లూ తక్కువేనన్నది దారిలో ఆపినప్పుడు బోధపడుతుంది.

ఠాణా నుంచి తిరిగొచ్చాక..

ఎన్నికల వేళ ఆయుధాల జమ మరో చిక్కు. తెలంగాణలో 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలు, ఆరు నెలలు తిరగకముందే 2024 మేలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మేలో రెండూ కలిసి వచ్చాయి. ఇటువంటి సమయాల్లో జమ అయిన తుపాకులు వారాల తరబడి ఠాణా గదుల్లో ఉంటాయి. ఆ గదులు తుపాకుల కోసం కట్టినవి కావు. గోనెసంచిలో చుట్టిన రైఫిల్ తేమకు తుప్పుపట్టి, కొయ్య ఉబ్బి తిరిగొస్తే అడిగే దిక్కు ఉండదు. భద్రత కోసమని బోల్టులను వేరు చేసి ఉంచే చోట మరో అపాయం ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఒకరి బోల్టు మరొకరి రైఫిల్‌లోకి చేరితే, పైకి ఏ తేడా తెలియదు.

తుపాకీ చక్కగా ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చే హక్కు వచ్చినట్లు కాదన్నదీ ఇక్కడ గుర్తుంచుకోవలసిందే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం పంటకు హాని చేసే జంతువును వేటాడటానికి అధీకృత అధికారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. ఆయుధ లైసెన్సు వేరు, ఈ అనుమతి వేరు. రెండూ చేతిలో ఉండి, పందుల మంద వేరుశనగ చేలో పడిన రాత్రి బోల్టు మూసుకోని రైతు పరిస్థితి ఊహించవచ్చు. ఆ ఆతురతలోనే రాయితో కొట్టి మూసే సాహసాలు జరుగుతాయి.

దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ప్రతి జిల్లా సాయుధ రిజర్వు విభాగంలో ఆయుధాల నిర్వహణకు శిక్షణ పొందిన ఆర్మరర్లు ఉన్నారు. లైసెన్సు కాలపరిమితిని 2019 సవరణ మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పునరుద్ధరణకు తుపాకీ తెచ్చినప్పుడు సాధారణంగా జరిగేది సంఖ్య సరిచూడటమే. అదే రోజున ఆర్మరర్ ఒకరు కొలత దిమ్మెతో పది నిమిషాలు పరీక్షించి, పేల్చదగినదా కాదా అని ఒక్క వాక్యం రాసి ఇస్తే చాలు. మరమ్మతు వారు చేయనవసరం లేదు. పేల్చరానిదని తేలితే నగర దుకాణానికి పంపించే కాగితం ఆ కార్యాలయమే ఇవ్వవచ్చు. ఐదేళ్లకు ఒకసారి పరీక్ష అన్నది తుపాకీ విషయంలో ఎక్కువేమీ కాదు. లారీలకు, ఆటోలకు సామర్థ్య పరీక్ష అంతకంటే తరచుగానే చేస్తున్నారు.

అంతవరకు లైసెన్సుదారు చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటుంది. ఠాణా నుంచి రైఫిల్‌ను తిరిగి తీసుకునేటప్పుడు పుస్తకంలో సంతకం పెట్టకముందే బోల్టు పిడి మీది సంఖ్యనూ, నాళం కుదురు మీది సంఖ్యనూ వెలుతురులో పక్కపక్కన చదువుకోవాలి. రెండూ కలవకపోతే ఆ మాట అదే పుస్తకంలో, అదే పేజీలో రాయించుకోవాలి. ఇంటికి వెళ్లాక కనిపించిన తేడాకు సాక్ష్యం ఉండదు.