రెండు సెంటీమీటర్లు

(మా పేట నుంచి – 23)

మొన్న ఆదివారం పొద్దున గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డు పక్క సందులో టీ తాగుతుంటే భుజానికి డెలివరీ బ్యాగుతో ఒక కుర్రాడు వచ్చి "నమస్తే సార్" అన్నాడు. మూడేళ్ల కిందట నా క్లాసులో చివరి బెంచీ. కంకిపాడు అవతల ఊరు, పేట పిల్లాడు. పేరు చెప్పను. తెల్లారుజామున నాలుగున్నరకి కాలవగట్టు మీద పరుగెత్తి, స్నానం చేసి, బస్సెక్కి కాలేజీకి వచ్చేవాడు. ఫస్ట్ అవర్లో నిద్రపోయేవాడు. నేను లేపేవాణ్ని కాదు. ఫోన్ వాల్‌పేపర్ మీద పారా కమాండో బొమ్మ ఉండేది.

"ఏరా, రన్నింగ్ మానేశావా?" అన్నాను.

"మానేశాను సార్. పరుగు ఫస్ట్ గ్రూపులోనే కొట్టాను. హైట్ దగ్గర పోయింది. 165 వచ్చింది."

"ఎంత ఉండాలి?"

"166. నా వెనకాల నిలబడ్డోడిది 164న్నర సార్. వాణ్ని తీసుకున్నారు."

"అదెలా?"

"వాళ్ల నాన్న మిలిటరీ సార్. వాళ్లకి రెండు సెంటీమీటర్లు తగ్గిస్తారంట." కాసేపాగి నవ్వాడు. "మా నాన్న మిల్లులో బస్తాలు మోశాడు. దానికేమీ తగ్గించరు కదా సార్."

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. వాడు వెళ్లిపోయాక కూడా ఆ రెండు సెంటీమీటర్లు నాతోనే ఉండిపోయాయి. అందుకే ఈ వారం సాహిత్యం పక్కనపెట్టి టేపు గురించి రాస్తున్నాను.

మిత్రులారా, ముందు లెక్కలు చూద్దాం. మన దక్షిణాది రాష్ట్రాల నుంచి సైన్యంలో జనరల్ డ్యూటీ అగ్నివీర్‌గా చేరాలంటే ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు. 10 పులప్స్‌కి 40 మార్కులు. 9 అడుగుల గొయ్యి దూకాలి, జిగ్‌జాగ్ బీమ్ మీద పడకుండా నడవాలి. ఇవన్నీ దాటాక మెడికల్. అక్కడ పళ్లు లెక్కపెడతారు, చెవిలో లైటు వేసి చూస్తారు, మోకాళ్లు తాకుతున్నాయా, పాదం చదునుగా ఉందా, ముక్కు లోపల వంకర ఉందా, చేతిమీద పచ్చబొట్టు ఎక్కడుంది అన్నీ చూస్తారు.

మన పిల్లలు సిద్ధమయ్యేది మాత్రం ఇందులో సగానికే. రీల్స్‌లో కనిపించేది కండ. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, బురదలో పాకే కమాండో, కింద "కష్టపడితే సాధ్యం" అన్న మాట. కష్టపడితే పరుగు వస్తుంది, పులప్స్ వస్తాయి. ఇరవై ఏళ్లు దాటిన ఎముక మాత్రం కష్టపడినా పొడుగు పెరగదు. చిన్నప్పుడు వంగిన మోకాలు మూడు నెలల స్క్వాట్స్‌కి నిటారు కాదు.

ఈ కుర్రాడు చేరిన ట్రైనింగ్ అకాడమీ వాళ్లు ఫీజు కట్టించుకునే రోజున బూట్లతోనే ఎత్తు కొలిచారట. "బార్‌కి వేలాడు, ఒక సెంటీమీటర్ వస్తుంది" అన్నారట. ఆ అకాడమీ పేరు నేను రాయను, ఒకటి కాదు గనక. ఆ ఫీజు కోసం వాళ్లమ్మ డ్వాక్రాలో అప్పు తీసుకుంది. ఆ పిల్లాడికి మొదటిరోజే, చెప్పుల్లేకుండా, గోడకి ఆనించి కొలిచి "బాబూ, నీది 165, ఇంకో దారి చూద్దాం" అని చెప్పివుంటే రెండేళ్లు మిగిలేవి.

ఇంకో అబద్ధం కూడా అమ్ముతున్నారు. "డైరెక్ట్ బ్లాక్ క్యాట్", "డైరెక్ట్ కమాండో" అని. ఎన్‌ఎస్‌జీలోకి నేరుగా ఎవర్నీ తీసుకోరు. సైన్యం నుంచీ కేంద్ర సాయుధ బలగాల నుంచీ డిప్యుటేషన్ మీద వెళ్తారు. మార్కోస్‌కి వెళ్లాలంటే ముందు నేవీలో ఉండాలి. మన దగ్గర 1989లో పెట్టిన గ్రేహౌండ్స్ కూడా పోలీసుల్లోంచి ఏరుకున్న దళమే. పారా స్పెషల్ ఫోర్సెస్‌కి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లని నెలల తరబడి ప్రొబేషన్‌లో నలిపి చూస్తారు. వీపు మీద బరువుతో, నిద్ర లేకుండా, పదుల కిలోమీటర్లు. చాలామంది వెనక్కి వచ్చేస్తారు. అక్కడ అడిగేది అద్దంలో కనిపించే కండని కాదు. ఆకలికీ నిద్రలేమికీ తట్టుకోవడం, పాదాలు పుండ్లు పడ్డా నడవడం. ఆ పని మనవాళ్లకి కొత్తదేం కాదు. వాడి నాన్న ఒంటిపూట తిని రోజంతా బస్తాలు మోసిన మనిషి. కానీ ఆ పరీక్ష దాకా వెళ్లాలంటే ముందు గేటు దగ్గర టేపు దాటాలి.

ఇక ఆ టేపు కథకి వద్దాం. అది అందరికీ ఒకేలా ఉండదు. సైనికుల, మాజీ సైనికుల, యుద్ధ వితంతువుల కొడుకులకి ఎత్తులో 2 సెంటీమీటర్లు, ఛాతీలో 1 సెంటీమీటర్, బరువులో 2 కిలోలు మినహాయింపు. పైగా బోనస్ మార్కులు. దేశం కోసం ఒళ్లు ఇచ్చిన మనిషి బిడ్డకి ఆ మాత్రం ఇస్తే నాకు అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఒక్కటే. సైనికుడి కొడుకు కావడం ఎవరికి సాధ్యమైంది, ఎవరికి కాలేదు?

చాలామందికి తెలియని ముచ్చట చెప్తాను. 18, 19 శతాబ్దాల్లో ఉత్తర హిందుస్థానంలో సిపాయిని "తిలంగా" అనేవాళ్లు. అంటే తెలుగువాడు. కంపెనీ వాడు మన తీరం నుంచి సిపాయిల్ని వెంటబెట్టుకుని బెంగాల్ వెళ్లాడు గనక ఆ పేరు పడింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలు అవధ్ వాళ్లయినా, ఢిల్లీ జనం వాళ్లని తిలంగాలనే పిలిచారు. సిపాయికి పర్యాయపదం తెలుగువాడు! అప్పటి మద్రాసు సైన్యంలో పరయర్లూ బొంబాయి సైన్యంలో మహర్లూ చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండేవాళ్లు.

తర్వాత లార్డ్ రాబర్ట్స్ వచ్చాడు. మద్రాసు సైన్యాధిపతిగా చేసి, 1885లో మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. దక్షిణాది మనిషిలో యుద్ధం చేసే గుణం చచ్చిపోయిందని తీర్మానించాడు. ఉత్తరాదిలో కొన్ని కులాలే, కొన్ని తెగలే యోధ జాతులన్నాడు. 1892లో మహర్లని చేర్చుకోవడం ఆపేశారు. తర్వాత దశాబ్దాల్లో మద్రాసు పటాలాలు కుంచించుకుపోయాయి, వాటితోపాటు తెలుగు సిపాయి కూడా. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు చాలకపోతే 1917లో మహర్ పటాలం పెట్టారు, యుద్ధం అయ్యాక 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చింది, 1941లో మళ్లీ మహర్ రెజిమెంట్. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టారు, 1946లో ఎత్తేశారు. చావడానికి మనుషులు కావాల్సినప్పుడు ఫిట్. జీతం, పెన్షన్, గౌరవం దగ్గరికి వచ్చేసరికి అన్‌ఫిట్.

1891లో బాబాసాహెబ్ పుట్టింది ఒక సైనిక కంటోన్మెంట్‌లో, మౌలో. తండ్రి రామ్‌జీ సుబేదార్, సైనిక పాఠశాలలో మాస్టారు. ఆ ఇంటికి చదువు వచ్చిన దారుల్లో పటాలం ఒకటి. ఆయన పుట్టిన మరుసటి ఏడాదే ఆ తలుపు మూసుకుంది. ఎన్ని ఇళ్లలో చదువు ఆ తలుపు బయటే ఆగిపోయిందో ఎవరు లెక్కగట్టారు?

ఇదంతా తెల్లవాడి పాపం, ఇప్పుడు లేదు అంటారా? రాష్ట్రపతి అంగరక్షక దళం సంగతి చూడండి. 1773లో పెట్టింది. ఆరడుగుల మనుషులు, మేలు గుర్రాలు. అందులోకి రాజ్‌పుత్, జాట్, జాట్ సిక్కు కులాల వాళ్లనే తీసుకుంటారని కోర్టుకి వెళ్తే, ఇది కుల వివక్ష కాదు, విధి అవసరాల కోసం అని సైన్యం 2013లో సుప్రీంకోర్టుకి చెప్పుకుంది. ఎత్తూ రూపూ ఒకేలా ఉండాలట. ఇలాంటి చోట ఫిట్‌నెస్ అనే మాటకి అర్థమేంటో మీరే చెప్పండి.

"ప్రమాణాలు తగ్గిస్తే దేశరక్షణ ఏమైపోవాలి?" అని అడిగే మిత్రులుంటారు. సైన్యంలో ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్ లేదు కాబట్టే అది బాగుందని కూడా అంటారు. వాళ్లకి ఒక్క మాట. గూర్ఖా యువకుడికి కావాల్సిన ఎత్తు 157 సెంటీమీటర్లు. మన కుర్రాడికంటే 8 సెంటీమీటర్లు తక్కువ. గూర్ఖా సరిగా పోరాడడని అనగలరా? ఎత్తుకీ పోరాటానికీ సంబంధం లేదని సైన్యానికే తెలుసు. ప్రాంతానికో లెక్క, తెగకో లెక్క, వంశానికో లెక్క పెట్టుకుంది. లెక్క మార్చడం తప్పు కాదని ఒప్పుకున్నట్టే. అయితే తరతరాలు అన్నం తక్కువైన ఇంటికి ఒక లెక్క ఎందుకుండకూడదు?

అన్నం అని ఊరికే అనలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ, కడుపుతో ఉండి కూడా నీళ్లలో నిలబడిన తల్లి కడుపులో పడింది ఈ పిల్లాడి ఎత్తు. కృష్ణా డెల్టా అంటే అన్నపూర్ణ అని పాఠాల్లో చెప్తాం. ఆ అన్నం పండించిన చేతుల ఇళ్లలోనే పిల్లాడు ఒక సెంటీమీటర్ తక్కువయ్యాడు. ఆ టేపు వాడి ఒక్కడి కష్టాన్నే కాదు, వాళ్లమ్మ కంచాన్ని కూడా కొలిచింది.

ఇంకోవైపు నుంచి మనవాళ్లే అడుగుతారు: "అసలు మన పిల్లలు ఆ బలగాల్లోకి ఎందుకు? రేపు అడవిలో ఆదివాసీ మీద తుపాకీ పెట్టడానికా? నాలుగేళ్లు వాడుకుని నూటికి 25 మందిని ఉంచి మిగతావాళ్లని ఇంటికి పంపే అగ్నిపథ్ కోసమా?" న్యాయమైన ప్రశ్న, నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగే మనలో చాలామందికి నెలనెలా జీతం వస్తుంది. పేటలో యూనిఫాం వేసుకున్న ఒక్క మనిషి ఉంటే ఊళ్లో వాడి అమ్మని పిలిచే పిలుపు మారుతుంది. ఆ పిలుపు కోసం పరుగెత్తే పిల్లాడికి సిద్ధాంతం చెప్పే ముందు నిజం చెప్పాలి. వెళ్లాలా వద్దా అన్నది వాడు తేల్చుకుంటాడు.

నిజం చెప్పకపోతే ఏమవుతుందో చూశాం. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 చివర్లో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమినరీ పరీక్ష. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబర్ చివరికి వచ్చింది. దాదాపు రెండేళ్లు ఒంటిని పరీక్షకి సిద్ధంగా ఉంచుకోవడం ఎవరి తరం? కూలికెళ్తూ, డెలివరీలు చేస్తూ? 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్ల పరుగు తర్వాత ఒక యువకుడు కుప్పకూలి చనిపోయాడు. ఆ కబురు చదివిన రోజు నా క్లాసులో ఇద్దరు రాలేదు. వాళ్ల ఈవెంట్స్ ఆ వారమే.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు నేనూ ఒక ర్యాలీకి వెళ్లాను. రాత్రంతా గ్రౌండు బయట తారురోడ్డు మీద పడుకున్నాం. పరుగు దాటాను. ఛాతీ 75 వచ్చింది. కొలిచినాయన చెడ్డవాడు కాదు, రెండోసారి కూడా కొలిచాడు. తర్వాత డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ. అందరూ "అదే మంచిదైంది" అంటారు. మా అమ్మ మాత్రం చాలా ఏళ్లు "నేను సరిగా పెట్టలేదు" అనేది. ఒక టేపు మా అమ్మతో ఆ మాట అనిపించింది. నా ఛాతీ గురించి నాకేం బాధ లేదు. ఆ మాట గురించి ఉంది.

అందుకని పిల్లలకి: డబ్బు కట్టకముందే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పుల్లేకుండా ఎత్తు కొలుచుకోండి. సాయంత్రానికి ఒక సెంటీమీటర్ దాకా తగ్గుతుంది. ప్రభుత్వాసుపత్రిలో రక్తం, పళ్లు, చెవి, మోకాళ్లు చూపించుకోండి. మెడికల్‌లో తాత్కాలిక అన్‌ఫిట్ అంటే అక్కడితో అయిపోలేదు, మిలిటరీ ఆసుపత్రిలో రివ్యూకి వెళ్లొచ్చు. పరుగులో గుండె పట్టేసినట్టుంటే ఆగిపోండి, పరువు పోదు.

ప్రభుత్వానికి: సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ మొదటి ఏడాదే ప్రతి పిల్లాడికీ పిల్లకీ ఈ పరీక్షలు ఉచితంగా చేయించండి. పేటకో పరుగు ట్రాక్ వేయండి. కుటుంబంలో మొదటిసారి సైన్యానికి వచ్చే దళిత, ఆదివాసీ యువతకి ఆ రెండు సెంటీమీటర్లు ఇవ్వమని ఢిల్లీని అడగండి.

మనకి: స్వరాజ్ మైదానంలో 125 అడుగుల సుబేదార్ కొడుకు నిలబడి ఉన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నేను టేపు పట్టుకుని అక్కడ ఉంటాను. డాక్టర్ మిత్రులిద్దరు వస్తామన్నారు. ర్యాలీకి వెళ్లాలనుకునే పిల్లలుంటే తీసుకురండి. చెప్పులు విడిచి నిలబడితే చాలు, ఫీజు లేదు.

జై భీమ్.