కుక్క పేగుల మీద రీసెర్చా అని నవ్వేటోళ్ళకు

  

పోస్టు పెద్దగుంటది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ సగంల ఆపకండి. ముఖ్యంగా బైపీసీ చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు.

మేం షేక్‌పేటల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మాలో గోండు, కోయ, కొలాం, లంబాడా పిల్లలున్నరు. ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే. జీవశాస్త్రం చదివేటోళ్ళు ఎక్కువ కాబట్టి రాత్రి అన్నం తిన్నంక మాటలు అటే పోతయి. కుక్కల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మీద ప్రపంచంల పెద్ద పరిశోధన నడుస్తున్నదని ఒకరు చెప్తే, రూమంతా నవ్వింది. "మనుషులకే మందుల్లేవు, కుక్క విరేచనాలకు సైంటిస్టులా?" అన్నరు.

ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. హాస్టల్ నుంచి ఫిలింనగర్ దిక్కు నాలుగడుగులు వేస్తే చాలు. పొద్దున ఆరింటికి జూబ్లీహిల్స్ రోడ్ల మీద పెద్దింటి కుక్కలను నడిపించేటోళ్ళు కనబడ్తరు. కుక్క ఒకరిది, తాడు పట్టుకున్న చెయ్యి ఇంకొకరిది. ఆ చేతుల్లో మన జిల్లాలవి కూడా ఉన్నయి. కుక్కల క్లినిక్‌లు, కుక్కల సెలూన్లు, కుక్క కడుపు బాగుండాలని ప్రోబయాటిక్ పొడి. ఇదే జూబ్లీహిల్స్‌ల అక్కినేని అమల గారు 1992లో బ్లూక్రాస్ మొదలుపెట్టిండ్రు. అది వీధి కుక్కల కోసం కూడా పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలె. అయినా ఇదంతా చూస్తే, కుక్క రోగం అంటే డబ్బున్నోళ్ళ రోగం అనిపిస్తది.

మా అభిప్రాయం వేరు. ఈ పరిశోధన ఎక్కువ అవసరమైంది మన గూడేలకు, తండాలకే. ఎందుకో చెప్తం.

ముందు ఆ సైన్సు ఏందో చూద్దాం. కుక్క పేగుల్లో కోట్ల బ్యాక్టీరియా ఉంటయి. అందులో క్లోస్ట్రిడియం హిరనోనిస్ అని ఒకటి ఉంది. కాలేయం నుంచి వచ్చే పైత్యరసపు ఆమ్లాలను అది వేరే రూపంలోకి మారుస్తది. ఆ మారిన ఆమ్లాలు చెడ్డ బ్యాక్టీరియాను పెరగనియ్యవు. ఊరి కాపలాదారు లెక్క అనుకోండి. అది తగ్గిందంటే లోపల లెక్క తప్పుతది, విరేచనాలు ఒక పట్టాన ఆగవు. అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు దీన్ని కొలిచే పరీక్ష తయారుచేసి 2017లో ప్రచురించిండ్రు. ఏడు రకాల బ్యాక్టీరియాను, మొత్తం బ్యాక్టీరియాను లెక్కగట్టి ఒక అంకె ఇస్తరు. 0 కంటే తక్కువ వస్తే మామూలు, 2 దాటితే తేడా ఉన్నట్టు. డిస్‌బయోసిస్ ఇండెక్స్ అంటరు.

దీర్ఘకాలం పేగు వాపుతో బాధపడే కుక్కల్లో సగానికి పైగా తిండి మార్పుతోనే కుదుటపడ్తయని పశువైద్యులు చెప్తరు. అందుకే ముందు తిండి మార్చి చూస్తరు, మందుల సంగతి తర్వాత.

ఇంకో సంగతి. 2018లో యూరప్ శాస్త్రవేత్తలు 64 కుక్కల పేగుల్లోని బ్యాక్టీరియా జన్యువులన్నీ చదివితే, అవి పందుల కంటే, ఎలుకల కంటే మనుషులకే దగ్గరగా ఉన్నయని తేలింది. అంతకుముందు 2013లో స్వీడన్ వాళ్ళు, తోడేలుకు లేనంతగా కుక్కకు పిండిపదార్థం అరిగించుకునే జన్యువులు పెరిగినయని చూపించిండ్రు. అంటే వేల ఏండ్లు మనిషి పక్కన కూర్చొని గంజి, గట్క తిన్నందుకు దాని ఒళ్ళే మారింది. పోడు చేనుల మంచె కింద పండుకొని, పందులొస్తే అరిచే మన కుక్కకు ఈ ముచ్చట మనం చెప్పాల్నా? మన ఎంగిలి కూడే గదా దాని కూడు.

ఇగ మన ఊర్లకు వస్తం.

ఒకటి, గోళీ. కుక్క నీళ్ళలెక్క వెళ్తుంటే మనోళ్ళు ఏం చేస్తరు? మనుషులకు తెచ్చిన మెట్రోనిడజోల్ గోళీ సగం విరిచి గంజిలో కలిపి పోస్తరు. మెడికల్ షాపాయన అదే ఇస్తడు, ఆర్‌ఎంపీ అదే చెప్తడు. 2020లో వచ్చిన ఒక పరిశోధనల ఏ రోగం లేని కుక్కలకు రెండు వారాలు ఈ మందు ఇచ్చి చూసిండ్రు. మేలు చేసే బ్యాక్టీరియా పడిపోయింది. మందు ఆపి నాలుగు వారాలైనా కొన్ని కుక్కల్లో అది తిరిగి కోలుకోలేదు. రెండు రోజుల్లో తనంతట తానే తగ్గే విరేచనాలకు గోళీ వేసి పేగులను ఖాళీ చేస్తున్నమన్నట్టు. మనుషుల విషయంలో మాత్రం మనం వేరేగా చేస్తున్నమా? హాస్టల్‌ల ఎవరికి కడుపునొప్పి వచ్చినా అదే గోళీ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోతది.

రెండు, పార్వో. ఇది బ్యాక్టీరియా కాదు, వైరస్. 1978లో ప్రపంచమంతా ఒక్కసారిగా బయటపడ్డది. రెండు మూడు నెలల కుక్కపిల్ల కూడు ముట్టదు, కక్కుతది, నెత్తురు విరేచనాలు, మూడు నాలుగు రోజులకు పోతది. మన దగ్గర "దిష్టి తగిలింది" అనో "గాలి సోకింది" అనో అంటరు. నిజానికి ఆ వైరస్ పేగు లోపలి పొరల కొత్తగా పుట్టే కణాలను చంపుతది. పొర పోతే పేగులోని బ్యాక్టీరియా నెత్తుట్లకు దిగుతది. చచ్చిన పిల్ల ఉన్న జాగల వైరస్ నెలల తరబడి బతుకుతది, అందుకే అదే వాకిట్ల తెచ్చిన ఇంకో పిల్ల కూడా పోతది. బ్లీచింగ్‌తో కడిగితే చస్తది. టీకా ఉంది. కానీ టీకాను చల్లగా ఉంచి గూడెం దాకా మోయాలె. మోసేటోడు లేడు.

ఇక్కడ పరిశోధన మనకెట్ల పనికొస్తదో చూడండి. 2018లో బ్రెజిల్ వాళ్ళు పార్వో వచ్చిన 66 కుక్కపిల్లల మీద ఒక పని చేసిండ్రు. అన్నింటికీ సెలైన్, మామూలు వైద్యం ఇచ్చిండ్రు. కొన్నింటికి అదనంగా ఆరోగ్యమైన కుక్క మలాన్ని సెలైన్‌ల కలిపి పేగులకు ఎక్కించిండ్రు. బతికిన పిల్లల్లో, ఇట్ల ఎక్కించిన వాటికి విరేచనాలు తొందరగా ఆగినయి, ఆస్పత్రిల ఉండే రోజులు తగ్గినయి. చదువుతుంటే మాలో ఇద్దరు ముక్కు మూసుకున్నరు, అది వేరే సంగతి. ఇందులో ఖరీదైన మందు ఏముంది? ఏమీ లేదు. కావాల్సింది పని తెలిసిన పశువైద్యుడు, రోగం లేదని పరీక్ష చేసిన ఒక కుక్క. దయచేసి ఇది చదివి ఎవరూ ఇంట్ల చెయ్యకండి. మా మాట ఏందంటే, ఈ సైన్సులో అన్నీ జూబ్లీహిల్స్ ధరలే ఉండవు.

మూడోది మాకు అన్నిటికన్నా పెద్దది. పురుగులు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆశ్రమ పాఠశాలల్ల, అంగన్‌వాడీల్ల పిల్లలకు అల్బెండజోల్ గోళీ వేస్తరు. మనమందరం నమిలినోళ్ళమే. 2015ల కొన్ని రాష్ట్రాల్ల మొదలై, 2016 నుంచి దేశమంతా నడుస్తున్నది, మంచి పని. కానీ పిల్లగాడు గోళీ మింగి, చెప్పుల్లేకుండ వచ్చి కూర్చునేది ఏ వాకిట్ల? అదే వాకిట్ల కుక్క ఉంటది. దాని పేగుల్లో కొంకి పురుగులు, ఏలిక పాములు ఉంటయి. కొంకి పురుగుల్లో ఒక రకం కుక్కల నుంచి మట్టి ద్వారా మనుషుల పేగులకు కూడా ఎక్కుతది, నెత్తురు తాగుతది. మనోళ్ళ పురుగులన్నీ కుక్కల నుంచే వస్తయని మేం అంటలేం. అట్ల అంటే తప్పు. కానీ మన ఆడపిల్లల రక్తహీనత గురించి ఇన్ని మీటింగులు పెట్టేటోళ్ళు వాకిట్ల కుక్క గురించి ఒక్క మాట మాట్లాడరు.

పండుగలకు, దేవతలకు మేకలు కోసినప్పుడు నీటి బుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులు మనం తినం, కుక్కకు ఇసిరేస్తం. ఆ బుడగల్లోనే బద్దె పురుగు పిల్లలుంటయి. కుక్క పేగుల్లో అవి పెద్దయి గుడ్లు పెడ్తయి. ఆ గుడ్లు మట్టిల, నీళ్ళల కలిసి మనిషి లోపలికి పోతే మన కాలేయంలోనే అసుంటి బుడగ పెరుగుతది. హైడాటిడ్ అంటరు. ఏండ్ల తరబడి తెలియదు, తెలిసేసరికి ఆపరేషన్ దాకా పోతది. బుడగలున్న ముక్కను కాల్చేస్తే, లేకపోతే కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చిపెడ్తే ఈ చక్రం ఆగుతది. రూపాయి ఖర్చు లేదు. మన పటేళ్ళు, నాయక్‌లు, కులపెద్దలు ఒక్కసారి చెప్తే ఊరంతా ఇంటది. డాక్టర్ చెప్తే ఇంటరా అనేది డౌటే.

వీధి కుక్కల కేసుల 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డర్ మీద టీవీల మస్తు లొల్లి అయింది. అందులో పట్టిన కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పురుగుల మందు కూడా ఇచ్చి వదలమని ఉంది. పురుగుల మందు అన్న ముక్క మీద ఒక్క చర్చ కూడా మేం చూడలే. పట్నం లొల్లి మొత్తం కాటు చుట్టూ తిరిగింది.

పేగుల ముచ్చటల మన పేరు కూడా ఉంది. 2015లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అనే పత్రికల దేశంలోని 15 తెగల పేగు బ్యాక్టీరియా మీద ఒక పేపర్ వచ్చింది. అస్సాం, మణిపూర్, సిక్కింతో పాటు తెలంగాణ తెగలు కూడా అందులో ఉన్నయి. ఎక్కడి తెగ అయినా ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియాదే రాజ్యమని తేలింది. గింజలు, ఆకులు, పీచు ఎక్కువ తినేటోళ్ళ కడుపులో అది ఎక్కువుంటది. అట్లనే 2023లో మన గచ్చిబౌలి ఏఐజీ డాక్టర్లు 30 వేలకు పైగా మందిని పరీక్షించి, పేగు వాపు జబ్బు పట్నంలో ఎంతుందో పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని రాసిండ్రు. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివితే మాకు కొంచెం భయమైంది. జొన్న గట్క పోయి రేషన్ బియ్యం, కుర్‌కురే, నూడుల్స్ వచ్చినంక మన కడుపులో ఏం మారుతున్నది? మన వాకిట్ల కుక్క కడుపులో ఏం మారుతున్నది? ఇద్దరి కూడూ ఒక్కటే కాబట్టి ఇద్దరినీ కలిపి చూస్తే మంచి పరిశోధన అయితది. ఎవరు చేస్తరు? మన భాషల్లో అడిగి, మన తిండి పేర్లు తెలిసి రాసేటోడు మనలో నుంచే రావాలె.

అందుకే బైపీసీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరంతా ఎంబీబీఎస్ ఒక్కటే చూస్తున్నరు. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్, అదీ కాకపోతే నర్సింగ్, లేదంటే మా లెక్క డిగ్రీ. పశువైద్యం వైపు చూడండి. రాజేంద్రనగర్‌ల పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరుల కాలేజీలున్నయి. మన రిజర్వేషన్ 2022లో 6 శాతం నుంచి 10 శాతం అయింది. పదో తరగతితో పోయే రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది. "పసుల డాక్టరా" అని నవ్వుతరు, నవ్వనియ్యండి. మేక పోతే ఇంటికి ఎంత నష్టమో ఆ నవ్వేటోనికి తెల్వదు.

సర్కారును అడగాల్సింది కూడా ఉంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తది, 2017 నుంచి ఉంది. గుట్ట మీద సిగ్నల్ దొరకని ఊరోడు ఎక్కడినుంచి ఫోన్ చెయ్యాలె? ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం ఐటీడీఏలు సంత రోజున సంత దగ్గరే ఆ బండిని పెట్టిస్తే, మేకలతో పాటు కుక్కలకూ పురుగుల మందు, టీకా పడ్తయి. పిల్లలకు అల్బెండజోల్ వేసే రోజునే ఊరి కుక్కలకూ మందు వేసేటట్టు చూడమని మేం ఒక వినతిపత్రం రాస్తున్నం.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయేటోళ్ళు మాకు మూడు సంగతులు రాసి పంపండి: మీ ఊర్ల ఎన్ని కుక్కలున్నయి, పోయిన ఏడాది ఎన్ని కుక్కపిల్లలు నెత్తురు విరేచనాలతో పోయినయి, పశువుల ఆస్పత్రి ఎన్ని కిలోమీటర్లు. మండలం పేరు తప్పకుండ రాయండి. గోండి, కోయ, లంబాడీ, ఏ భాషలనైనా సరే, వాయిస్ మెసేజ్ పెట్టినా మేమే రాసుకుంటం.